తమ్ముళ్ళ సాక్ష్యం

బేలు మిషనులో మనిషి చెయ్యి నలుగుతుంటే సూపర్వైజరు అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చాడు. వచ్చి ఏం చేశాడనుకున్నారు? బటన్ దగ్గర ఇరికించి ఉన్న చెక్కముక్కని పీకి జేబులో వేసుకున్నాడు.

ఇనపపలకని వెనక్కి లేపే మీట లాగింది పక్క మిషను మీద పనిచేసే, అందరూ పొడుగని పిలిచే కుర్రాడు. ఆ రెండు పనుల మధ్య ఎంతసేపు గడిచిందో చూసినవాళ్ళెవరూ సరిగ్గా చెప్పలేరు. చిటికె చెప్పగలదు, ఆ చెయ్యి ఆమెది కాబట్టి. కళ్ళకు చీకట్లు కమ్మేలోపు ఆమె ఆఖరిసారి చూసింది సూపర్వైజరు జేబునే.

ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుంది" అనేది కనక ఆమె అందరికీ చిటికె అయింది. మనిషి పొట్టి, మాట గట్టి. పాత అట్టపెట్టెలూ కాగితం చెత్తా వచ్చే ఆ ఫ్యాక్టరీలో బేలు మిషను ఆమెది. పెద్ద ఇనప పెట్టెలో అట్టలు వేస్తే పైనుంచి పలక దిగి వాటిని నొక్కి కట్టగా చేస్తుంది. పలక దిగాలంటే దూరందూరంగా ఉన్న రెండు బటన్లని రెండు చేతులతో ఒకేసారి నొక్కి పట్టుకోవాలి. మిషను చేసినవాడు బుద్ధిమంతుడు. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే లోపల నలగడానికి చెయ్యంటూ మిగలదని ఆలోచించాడు.

మొదట్లో మిషనుకి ఇద్దరుండేవాళ్ళు. ఒకరు బటన్లు నొక్కితే ఇంకొకరు పైకి ఉబికే అట్టల్ని కర్రతో లోపలికి అణిచేవాళ్ళు. కంపెనీకి ఆ రెండో మనిషి కంట్లో నలుసయ్యాడు. ఇద్దర్లో ఒకర్ని తీసేసి, కట్టలు మాత్రం ఇదివరకటికన్నా ఎక్కువ కావాలన్నారు. ఒక్క మనిషికి మూడు చేతులు ఎక్కణ్ణుంచి వస్తాయి? దానికి ఉపాయం సూపర్వైజరే చెప్పాడు. సరుకు కింద వేసే విరిగిన చెక్కలు ముక్కలుగా కోయించి తలా ఒకటి పంచాడు. ఒక బటన్‌ని అదిమి దాని అంచున ఆ ముక్క ఇరికిస్తే అది నొక్కుకునే ఉంటుంది. ఇక ఒక చేత్తో రెండో బటన్, ఇంకో చేత్తో అట్టలు.

తీసేసిన తోడు మనిషి స్థానంలో వచ్చింది కదా అని పనివాళ్ళు ఆ ముక్కకి తమ్ముడని పేరు పెట్టారు. "తమ్ముణ్ణి పెట్టావా?" "మా తమ్ముడు ఇవాళ జారిపోతున్నాడు, ఒట్టి బద్ధకస్తుడు!" అనుకుంటూ రోజూ నవ్వుకునేవాళ్ళు. మనిషిని తీసి చెక్కముక్కని పెడితే నవ్వుకున్నారు. ఏడవాల్సిన చోట నవ్వడం మనవాళ్ళకి బాగా అలవాటు.

ఆ రోజు చిటికె కుడిచేత్తో అట్టల్ని అణుస్తోంది. పలక దిగింది. చెయ్యి వెనక్కి లాక్కునేలోపు చొక్కా చెయ్యి ఒక ఇనప తీగకి చిక్కింది. భయంతో ఒళ్ళంతా బిగుసుకుంది. ఎడమచెయ్యి కూడా బిగుసుకుంది. బటన్ వదలాల్సిన ఆ చెయ్యి దాన్ని ఇంకా గట్టిగా నొక్కింది.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫొటో చూపించాడు. మోచేతికి పైన ఎముక విరిగింది. ముంజేతిలో రెండెముకలూ విరిగాయి. మణికట్టు దగ్గర ముక్కలు ముక్కలు. ముంజేతి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. మొదటి ఆపరేషనులో గాయం కడిగి, ఎముకల్లోకి ఊచలు దింపి, బయట ఇనప చట్రం బిగించారు. వాపు తగ్గాక చట్రం తీసి లోపల ప్లేట్లు పెట్టి మరలు బిగించారు.

"మన తలుపుకి కూడా ఇన్ని మరల్లేవే" అంది అత్త.

నవ్వితే చెయ్యి నొప్పి. అయినా చిటికెకి నవ్వొచ్చింది. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. తల దువ్వడం, జాకెట్టు తొడగడం, ముద్ద కలిపి నోట్లో పెట్టడం అన్నీ అత్తే. ముద్ద పెట్టిన ప్రతిసారీ ఒక చీవాటు కూడా పెట్టేది.

ఎముకల సంగతి అలా ఉంచితే, మణికట్టు వాలిపోయింది. పైకెత్తమంటే ఎత్తలేదు. వేళ్ళు చాపమంటే చాపలేదు. అప్పుడొచ్చింది ఫిజియో పిల్ల. ఇంకా కాలేజీలో చదువుతూ ఆ ఆస్పత్రిలో పని నేర్చుకుంటోంది. మొహంలో పసితనం పోలేదు గానీ పనిలో మహా రాక్షసి.

"నరం నలిగిందక్కా, తెగలేదు. నెమ్మదిగా మేలుకుంటుంది. అది మేలుకునేలోపు కీళ్ళు బిగుసుకుపోకూడదు" అంటూ మణికట్టు వాలకుండా పట్టీ కట్టింది. రోజూ వేళ్ళు ఒక్కొక్కటీ వంచేది, చాపేది. మోచెయ్యి వంచి ఆపేది. ముందుకు వంగి నిలబడి చెయ్యి వేలాడేసి గుండ్రంగా తిప్పమనేది. చిటికెకి ప్రాణం పోయినంత పనయ్యేది.

"ఎముకలు అతుక్కుంటున్నాయి కదా, ఇంకా ఈ హింస ఎందుకే తల్లీ?"

"ఎముకలు వాటంతటవే అతుక్కుంటాయక్కా. కదలకపోతే బిగుసుకుపోయి కూడా అతుక్కుంటాయి. అప్పుడది భుజానికి వేలాడే కర్ర. చేస్తేనే చెయ్యి. ఊఁ, చెయ్యి!"

"చేస్తున్నాను కదే!"

"చెయ్యట్లేదు, అరుస్తున్నావు."

ఒకరోజు మోచెయ్యి వంచుతుండగా చిటికె ఉన్నట్టుండి ఏడ్చింది. నొప్పికి కాదు. "నా చేతిని నేనే విరగ్గొట్టుకున్నానే. ఈ ఎడమచెయ్యి బటన్ వదల్లేదు. వదిలి ఉంటే పలక ఆగేది. తప్పు నాదే" అంది.

పిల్ల పని ఆపింది. "భయపడిన చెయ్యి పట్టుకున్నదాన్ని వదలదక్కా. నీకే కాదు, ఎవరికైనా అంతే. ఆ సంగతి తెలిసే రెండో బటన్ పెట్టారు. దాన్ని పనిచెయ్యకుండా చేసిందెవరు?"

ఆ ప్రశ్న చిటికె ఒంట్లోకి దిగింది. అన్ని రోజులూ తనని తాను తిట్టుకున్న ఆడది ఆ రోజు మొదటిసారి సూపర్వైజరుని తిట్టింది. ఆ తిట్టేమిటో ఇక్కడ చెప్పకపోవడమే మంచిది.

పిడికిలి సగం దాకా ముడుచుకునే రోజుల్లో ఆస్పత్రి ఆఫీసులోంచి ఒకతను వచ్చాడు. "నీ వైద్యం ఇంక కంపెనీ చేయించదట. రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు.

"అదేంటి? పని చేస్తుండగానే కదా విరిగింది!"

"విచారణ జరిగిందట. నువ్వు బయటి మనిషిని లోపలికి తెచ్చుకుని మిషను మీద పెట్టావట. మీ తమ్ముణ్ణి."

"నాకు తమ్ముడెవడు? మా అమ్మకి నేనొక్కతినే!"

అతను భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. కంపెనీ చేతులు దులుపుకుంది, ఆస్పత్రి చేతులెత్తేసింది. చెయ్యి బిగుసుకుపోతే మాత్రం అది ఆమె ఒక్కతెకే బిగుసుకుంటుంది.

ఆ సాయంత్రమే పొడుగు ఇంటికొచ్చాడు. గుమ్మం తగలకుండా తల వంచుకుని రావడం వాడికి మామూలే. ఆ రోజు లోపలికొచ్చాక కూడా తల ఎత్తలేదు.

"అక్కా, నావల్లే" అన్నాడు.

కంపెనీ పంపిన విచారణాధికారి వాణ్ణి పిలిచి అడిగాడట, మిషను దగ్గర ఆమె ఒక్కతే ఉందా అని. రోజూ నాలుక మీద ఆడే మాట కదా, "ఒక్కతే సార్, తమ్ముడున్నాడు గానీ" అనేశాడు. "తమ్ముడేం చేస్తున్నాడు?" అంటే "ఒక బటన్ నొక్కి పట్టుకున్నాడు సార్" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. సరిదిద్దుకునేలోపు పక్కనే ఉన్న సూపర్వైజరు అందుకున్నాడు. "అవును సార్, తమ్ముణ్ణి తెచ్చుకుంది. ఎన్నిసార్లు చెప్పినా వినదు" అన్నాడు. తమ్ముడంటే ఏమిటో వాడికి తెలియదా? ఆ తమ్ముళ్ళని పుట్టించినవాడే వాడు!

"మరి నువ్వేం చేశావురా?" అంది చిటికె.

"నోరు మూసుకున్నానక్కా. చెక్కముక్క అని చెప్తే, నీ మిషను మీద కూడా ఉందా అని అడుగుతాడు. ఉందంటే ఉద్యోగం పోతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను."

అత్త పొయ్యి దగ్గర్నుంచే అంది: "ఇంత పొడుగు పెరిగావు, వెన్నెముక మాత్రం మర్చిపోయావు నాయనా."

వాడు ఏడ్చాడు. చిటికె వాణ్ణి తిట్టాలనుకుంది. మీట లాగింది కూడా ఈ వెధవే కదా అని గుర్తొచ్చి, "కూర్చో. ఏడుస్తూ కూర్చోకు, ఈ చెయ్యి పట్టుకుని మోచెయ్యి వంచు. నెమ్మదిగా. ఇక ఆస్పత్రి లేదు, మీరే దిక్కు" అంది.

రెండు రోజుల తర్వాత ఆ ఇంటి ముందు ఖాళీ స్థలంలో ఫ్యాక్టరీ జనం చేరారు. మిషన్ల వాళ్ళు, లోడింగు వాళ్ళు, బెల్టు మీద చెత్త ఏరే ఆడవాళ్ళు. ఫిజియో పిల్ల కూడా వచ్చింది. ఆస్పత్రిలో రానివ్వకపోతే ఇంటికి రాకూడదని ఎవరన్నారు అంది.

సంగతంతా చెప్పాక లోడింగు మనిషి ఒకడు లేచాడు. "తమ్ముడంటే చెక్కముక్క అని చెప్పామనుకో. మిషన్ని పాడుచేసింది మీరే అంటారు. తమ్ముడంటే మనిషే అని ఊరుకుంటే ఈమె చెయ్యి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు నలుగురు పిల్లలున్నారు. నేను నూతిలో దూకను."

"అయితే గోతిలోకి ఈమెని తోసేద్దామా?" అంది బెల్టు మీది పెద్దమ్మ. చెత్తలో గాజుపెంకులు ఏరీ ఏరీ ఆమె వేళ్ళు గాట్లతో నిండిపోయాయి. "ఇవాళ ఈమె చెయ్యి. రేపు నీది. అప్పుడు నీకు ఏ బావమరిదిని అంటగడతారో!"

జనం నవ్వారు. వాడు నవ్వలేదు. "నవ్వడం తేలిక పెద్దమ్మా. ఇంటికెళ్ళి పొయ్యిలో ఏం పెట్టాలి?"

వాడు అడిగింది తప్పు కాదు. భయం సిగ్గుపడాల్సింది కాదు. కంపెనీ బతికేదే ఆ భయం మీద. ఒక్కొక్కణ్ణీ విడిగా పిలిచి అడగడం ఎందుకు? ఒంటరివాడికి తన తప్పు ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి.

చిటికె లేచి నిలబడింది. మెళ్ళో గుడ్డ ఉయ్యాలలో చెయ్యి.

"ఇన్ని వారాలూ నేనూ అదే అనుకున్నాను, తప్పు నాదేనని. ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను. తమ్ముడు లేకుండా ఒక్క మనిషి ఆ మిషను నడపగలడా? నడపగలిగినవాడెవడైనా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఒక్కడు చెప్తే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది. అందరం చెప్తే అది మన తప్పు ఎలా అవుతుంది? ఫ్యాక్టరీ మొత్తం అలాగే నడిచిందని తేలుతుంది. నన్ను జాలిపడి చూడొద్దు. నాకు జాలి వద్దు, వైద్యం కావాలి. మిషను మీద రెండో మనిషి కావాలి. రేపు నన్ను విచారణకి పిలిచారు. అక్కడికి ఎవరి తమ్ముణ్ణి వాళ్ళు తీసుకురండి."

"నాకు మిషను లేదు, తమ్ముడూ లేడు. అయినా వస్తాలే" అన్నాడు లోడింగు మనిషి.

దెబ్బ తిన్న మనిషిని అడక్కుండానే విచారణ ముగించారని చిటికె అప్పటికే గోల చేసి ఉంది. కాదనలేక మేనేజరు మర్నాడు భోజనాల షెడ్డులో బల్ల వేయించాడు. విచారణాధికారి కూర్చున్నాడు. పక్కన మేనేజరు. వెనక సూపర్వైజరు, నిమ్మకు నీరెత్తినట్టు.

"చెప్పమ్మా. ఆ రోజు మీ తమ్ముడు మిషను దగ్గర ఉన్నాడా?" అన్నాడు అధికారి.

"ఉన్నాడు సార్."

సూపర్వైజరు మొహం వెలిగింది.

"పేరేంటి? ఇప్పుడెక్కడున్నాడు?"

"తమ్ముడే పేరు. ఎక్కడున్నాడో సూపర్వైజరు గారిని అడగండి. నా చెయ్యి లోపల నలుగుతుంటే వాణ్ణి పీకి జేబులో వేసుకున్నారు. నేను చూశాను."

అధికారికి ఏమీ అర్థం కాలేదు. జేబులో పట్టే తమ్ముడెవడని అతను అడిగేలోపు పొడుగు ముందుకొచ్చాడు. చెక్కముక్క ఒకటి బల్ల మీద టక్కున పెట్టాడు.

"వీడు మా తమ్ముడు సార్. మొన్న నేను చెప్పింది వీడి సంగతే. చెప్పి భయపడి ఊరుకున్నాను. ఇవాళ భయపడట్లేదు."

వాడి వెనక ఇంకొకడు. "ఇదిగో సార్ మా తమ్ముడు. కొంచెం లావు."

"మావాడు సార్. రెండుసార్లు జారిపోయి నా వేలు కొరికాడు."

"మావాడికి వయసైపోయింది సార్, కొత్తవాణ్ణి అడిగితే సూపర్వైజరు గారు వారంలో కోయించి ఇచ్చారు."

ఒకటి తర్వాత ఒకటి టక్ టక్‌మని పడుతున్నాయి. పొద్దుటి షిఫ్టు మిషన్ల వాళ్ళందరూ వచ్చారు. బెల్టు వాళ్ళు, లోడింగు వాళ్ళు తమ్ముళ్ళు లేకపోయినా వరసలో నిలబడి, "మేం చూశాం సార్" అని చెప్పి వెళ్ళారు. అధికారి ఒక ముక్క తీసి తిప్పి చూశాడు. ఇంకోటి తీశాడు. అన్నిటికీ ఒక పక్క ఒకే ఆకుపచ్చ రంగు. కంపెనీ తన సరుకు చెక్కలకి వేయించే రంగు. పనివాళ్ళు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న కర్రలు కావని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

సూపర్వైజరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఎటూ చూడలేదు, లేచి నిలబడ్డాడు.

"అంటే, కాపాడే బటన్ని పాడుచేశామని మీ అంతట మీరే ఒప్పుకున్నారన్నమాట. మంచిది. అందరూ బయటికి నడవండి. రేపట్నుంచి ఎవ్వరూ రానక్కర్లేదు."

దొంగే దొంగా దొంగా అని అరవడం అంటే ఇదే. అధికారి లేచి ఏదో అనబోయాడు. మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"బయటికి కాదు. లోపలికే పోతాం" అంది చిటికె.

అందరూ షెడ్డు దాటి బేలు మిషన్ల దగ్గరికి నడిచారు. మిషన్లు ఆపి వాటి ముందు నేల మీద కూర్చున్నారు. రెండే మాటలు. ఈమె చెయ్యి పనిచేసేదాకా వైద్యం. మిషను మీద రెండో మనిషి. అవి ఒప్పుకునేదాకా ఇక్కణ్ణుంచి లేచేది లేదు. కబురందుకుని అత్త గేటులోంచి దూసుకొచ్చింది. వాచ్‌మన్ అడ్డం పడితే, "కోడలికి తల దువ్వాలి, తప్పుకో" అంది. వెనకే ఫిజియో పిల్ల, తనతో చదివే నలుగురిని వెంటేసుకుని.

"ఇవాళ నీ వ్యాయామం కాలేదక్కా" అంది పిల్ల.

"ఇక్కడా?"

"మోచేతికి ఇక్కడైతేనేం, అక్కడైతేనేం?"

చిటికె చెయ్యి చాపింది. పిల్ల పట్టుకుని వంచింది. ఇన్నాళ్ళూ గదిలో, గోడ వైపు తిరిగి అరుచుకున్న నొప్పి. ఇవాళ అందరి ముందూ అరిచింది. రెండోసారి వంచేటప్పుడు పొడుగు కూడా తన కుడిచెయ్యి చాపి ఆమెతోపాటు వంచాడు. పెద్దమ్మ చాపింది. చదువుకునే పిల్లలు చాపారు. కాసేపటికి మిషన్ల షెడ్డంతా ఒకే చెయ్యిలా వంగుతోంది, చాపుకుంటోంది. "వంచు!" అని పిల్ల, "చెయ్యి!" అని జనం. నినాదాలు ఎవరో రాసిస్తే పుట్టవు. పని చేస్తుంటే నోట్లోంచి వస్తాయి.

మధ్యాహ్నం దాటాక పోలీసులు వచ్చారు. మేనేజరు వేలుపెట్టి చూపించాడు. ఇన్‌స్పెక్టరు లాఠీతో మిషను మీద కొట్టాడు.

"నాటకం చాలు. అందరూ లేచి చేతులు పైకెత్తండి. ఒక్కొక్కరే వచ్చి వ్యాను ఎక్కండి."

లేచారు. చేతులెత్తారు. ముందు నిలబడింది చిటికె. ఎడమచెయ్యి తిన్నగా పైకి లేచింది. కుడిచెయ్యి వణుకుతూ భుజం దాకా వచ్చి అక్కడ ఆగింది.

"పూర్తిగా ఎత్తు!"

"ఇంతవరకే లేస్తుంది సార్."

"ఎత్తమంటున్నానా?"

"ఇంకా పైకి లేవాలంటే వైద్యం కావాలి సార్. అది అడగడానికే కూర్చున్నాం. మీరు ఇప్పిస్తే రేపే ఎత్తి చూపిస్తాను."

చిటికె వెనక పొడుగు నిలబడి ఉన్నాడు, చేతులెత్తితే పైరేకుల్ని తాకే మనిషి. వాడు తన కుడిచేతిని భుజం దాకా దించి ఆపాడు. పక్కన పెద్దమ్మ దించింది. లోడింగు మనిషి దించాడు. అత్త, ఫిజియో పిల్ల, ఆమెతో వచ్చినవాళ్ళు. అందరి ఎడమచేతులూ తిన్నగా పైకి, అందరి కుడిచేతులూ భుజం దాకా.

"ఎత్తండి!" అని అరిచాడు మేనేజరు.

"మాకూ ఇంతవరకే లేస్తుంది సార్" అన్నాడు పొడుగు.

లాఠీలు లేచాయి, దెబ్బలు పడ్డాయి. చేతులు మాత్రం ఆ ఎత్తునే ఉన్నాయి. వాళ్ళని అలాగే వ్యాను ఎక్కించారు. చిటికె చెయ్యి ఎవరికీ తగలకుండా అత్తా పొడుగూ రెండు పక్కలా గోడలా నిలబడ్డారు. వ్యాను గేటు దాటుతుంటే జాలీ వెనక నుంచి కూడా అవే చేతులు కనిపించాయి.

గేటు బయట రెండో షిఫ్టు వాళ్ళు వచ్చి నిలబడి ఉన్నారు. అంతా చూశారు. వాచ్‌మన్ గేటు బార్లా తెరిచి, "రండి రండి, టైమయింది" అన్నాడు. ఒక్కరూ అడుగు వెయ్యలేదు. అందరికన్నా ముందున్న ఆడమనిషి తన సంచిలోంచి ఆకుపచ్చ రంగు చెక్కముక్క తీసి వాచ్‌మన్ చేతిలో పెట్టింది.

"ఇది మీ మేనేజరుకి ఇవ్వు. తమ్ముడు ఈ పూట పనికి వస్తున్నాడట, మేం రావట్లేదని చెప్పు" అంది.

తర్వాత ఆమె కుడిచెయ్యి భుజం దాకా ఎత్తి అక్కడే ఆపింది.